చప్పుడు వినపడని బడికి ఆవిరి పైపులు

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా పక్క వీధిలో ఉండే హారిక ఈ వేసవిలో మెకానికల్ ఇంజనీరింగ్ ముగించి, భవనాలకు వేడి, చల్లదనం అమర్చే ఒక కంపెనీలో చేరింది. చేరిన కొద్ది రోజులకే మా ఇంటికొచ్చి వంటింట్లో కుర్చీ లాక్కుని కూలబడింది.

"ఆంటీ, మీరు లైఫ్ అంతా ఇదే చేశారు కదా? రోజంతా ఏం చేసేవారు? మా ఆఫీస్‌లో నంబర్స్ ఎంటర్ చేస్తే సాఫ్ట్‌వేరే పైప్ సైజ్ చెప్పేస్తుంది. ఇంక నేను ఎందుకు అక్కడ?"

ఆ పూట ఆ పిల్లకి వేడివేడిగా పెసరట్టు వేసి పెట్టాను గానీ సరైన జవాబు చెప్పలేకపోయాను. తీరిగ్గా కూర్చుని ఆలోచించాక ఇది రాస్తున్నాను. హారిక కోసమే కాదు, ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న ఎవరికైనా. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి, రాసిన లైసెన్సు పరీక్షల గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి ఎవరికైనా వస్తాయి. ఒక్క భవనం గురించి, ఒక మనిషి గురించి చెబుతాను.

పైపు లావు

టెక్సస్ ఎండల్లో పెరిగిన పిల్లలకు రేడియేటర్ అంటే కారులో ఉండేదే తెలుసు. నేను పనిచేసిన ఒహాయోలో, ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలికి చెవులు మొద్దుబారిపోయే ఊళ్ళలో, పాత ఆసుపత్రులు, కాలేజీలు, కోర్టులు ఇంకా ఆవిరితోనే వెచ్చబడుతున్నాయి. నేలమాళిగలో బాయిలర్ నీటిని మరిగిస్తుంది. ఆవిరి పైపుల్లో పైకెక్కి, ప్రతి గదిలో కిటికీ కింద ఉండే ఇనుప రేడియేటర్‌లోకి వెళుతుంది. అక్కడ తన వేడి వదిలేసి నీరవుతుంది. ఆ నీరు వాలు చూసుకుంటూ, దారిలో ఆవిరిని ఆపి నీటిని మాత్రం వదిలే స్టీమ్ ట్రాప్‌లు దాటుకుంటూ, మళ్ళీ బాయిలర్‌కి చేరుతుంది. పంపులక్కర్లేదు, ఫ్యాన్లక్కర్లేదు. సరిగ్గా కడితే ఇంత అందమైన ఏర్పాటు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఆ పైపులు ఎంత లావుండాలో చెప్పడం నా పని. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. మరీ లావు పైపు వేస్తే ఖర్చు, బరువు, దారిలోనే వేడంతా వృథా. మరీ సన్నం వేస్తే, అంత ఆవిరీ ఆ ఇరుకులోంచి వెళ్ళాలి కాబట్టి పరుగెత్తుతుంది. పరుగెత్తే ఆవిరి పైపు అడుగున ఉన్న నీటిని ఎత్తుకుపోయి మలుపు దగ్గర గోడకేసి కొడుతుంది. దాన్నే వాటర్ హ్యామర్ అంటారు. నిజంగానే ఎవరో సుత్తితో పైపు మీద బాదినట్టుంటుంది.

అందుకని మనుషులు నిద్రపోయే చోట, చదువుకునే చోట ఆవిరిని నెమ్మదిగా నడిపిస్తాం. లావు పైపు వేస్తాం. ఎటూ గోలగా ఉండే ఫ్యాక్టరీలో అయితే వేగంగా పోనిస్తాం, సన్నపు పైపుతో సరిపెడతాం. పైపు లావు నిర్ణయించే లెక్కలో 'ఇక్కడ చప్పుడు ఎవరికైనా ఇబ్బందా?' అన్న ప్రశ్న ఒకటి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ ప్రశ్న మిమ్మల్నే అడుగుతుంది. జవాబు మీరే ఇవ్వాలి. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క జవాబు గురించే.

వాల్ట్

నాకు ఆవిరి నేర్పినవాడు వాల్ట్. మా కంపెనీలో స్టీమ్ పనులన్నిటికీ ఆయనే పెద్ద. పొడవాటి మనిషి, చేతుల మీద పాత కాలిన మచ్చలు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, పెళ్ళయి ఈ దేశం వచ్చి, పిల్లలు కాస్త పెద్దయ్యాక ఉద్యోగం వెతుక్కున్న నన్ను తీసుకున్నది ఆయనే. ఇంటర్వ్యూలో ఒక్కటే అడిగారు, "నిచ్చెన ఎక్కుతావా?" అని. ఎక్కుతానన్నాను. మర్నాడే ఎక్కించారు.

ఆయన గురించి ఆఫీసులో మంచి మాట వినడం అరుదు. పొగరు అనేవాళ్ళు. వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడరు. ఫోన్ ఎత్తరు, "ఫోన్లో ఇంజనీరింగ్ జరగదు, మనిషిని రమ్మనండి" అంటారు. సైట్‌కి వెళ్ళేటప్పుడు రెండు గంటలు కారులో పక్కన కూర్చున్నా ఒక్క ముక్క మాట్లాడరు. మొదట్లో నా ఉచ్చారణ అర్థంకాక విసుక్కుంటున్నారేమో అనుకుని బాధపడేదాన్ని. కానీ ఎదురుగా కూర్చుంటే మాత్రం అంత ఓపికగా చెప్పేవాళ్ళు లేరు. నా ముఖంలోకి సూటిగా చూస్తూ, ప్రతి మాటా వింటూ, మళ్ళీ మళ్ళీ చెప్పేవారు. పైపు మీద అరచేయి పెట్టించి, "ఏం చెబుతోంది?" అని అడిగేవారు.

పై అధికారుల గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. మంచిగా మాట్లాడేవాళ్ళు ఎందరో దొరుకుతారు. మనకు వచ్చేదాకా నేర్పేవాళ్ళు ఒకరో ఇద్దరో. వాళ్ళ మర్యాద ఎలా ఉన్నా సరే, వాళ్ళను వదులుకోకండి.

ఒక వాక్యం

2004 ప్రాంతంలో, సరస్సుకి దగ్గర్లో ఉన్న ఒక బధిరుల పాఠశాల పని మాకు వచ్చింది. దాని పేరు చెప్పను. వినపడని పిల్లలు దూరాల నుంచి వచ్చి అక్కడే ఉండి చదువుకుంటారు. ఎర్ర ఇటుకల పాత భవనం, కింద తరగతులు, పైన పిల్లల పడక గదులు. ఎప్పుడో ఒక కొత్త భాగం కట్టి, దానికీ పాత పైపు నుంచే ఆవిరి తీసుకున్నారు. అంటే ఒక ఇంటికి సరిపడే పైపు రెండిళ్ళకి మోస్తోందన్నమాట. అది కాస్తా తుప్పు పట్టి కారుతోంది. బాయిలర్ బాగానే ఉంది. వంటశాలకీ లాండ్రీకీ కూడా ఆవిరి కావాలి కాబట్టి ఆ పద్ధతే ఉంచి, పెద్ద పైపులు మార్చాలన్నది పని.

మా ప్రాజెక్ట్ మేనేజర్ గ్రెగ్. చురుకైన కుర్రాడు. చెడ్డవాడు కాదు, ఇచ్చిన డబ్బులో పని ముగించడం అతని బాధ్యత. అతను డిజైన్ నివేదికలో ఒక వాక్యం రాశాడు. 'ఈ భవనంలో నివసించేవారు బధిరులు కాబట్టి చప్పుడు పరిమితులు వర్తించవు.' ఆ ఒక్క వాక్యంతో ఫ్యాక్టరీలకు వాడే వేగం లెక్కలోకి వచ్చేసింది. ఉన్న పైపు సైజుతోనే కొత్తది వేస్తే చాలని తేలింది.

ఆ వాక్యం చదివి నేనూ ఆగలేదు. అందులో తప్పేముంది అనిపించింది. ఆఫీసులో ఎవరికీ ఏమీ అనిపించలేదు.

నివేదిక బడికి వెళ్ళాక అక్కడి డీన్ నుంచి మాకు కబురు వచ్చింది. ఆమె పేరు డోరీన్. పిల్లల బాగోగులన్నీ చూసేది ఆమే, ఆమెకూ పుట్టుక నుంచి వినపడదు. "మీరు రాసిన ఒక వాక్యం గురించి మాట్లాడాలి. కానీ ముందు ఒకటి చూడాలి. పిల్లలు నిద్ర లేవకముందే రండి" అని.

నేల మీద కూర్చుని

వాల్ట్, నేను చీకటితోనే బయల్దేరి వెళ్ళాం. మంచు పడుతోంది. డోరీన్ గుమ్మంలోనే ఎదురైంది. నెరిసిన జుట్టు, ముదురాకుపచ్చ స్వెటర్, చురుగ్గా కదిలే కళ్ళు. పక్కన ఆమె సైగలను మాకు మాటల్లో చెప్పే దుబాసీ ఉంది. డోరీన్ మమ్మల్ని పైన చిన్నపిల్లల గదికి తీసుకెళ్ళి, బూట్లు విప్పమంది. గోడ వారగా చెక్క నేల మీద కూర్చోమంది.

చిన్న రాత్రి దీపం వెలుగులో ఆరేళ్ళు, ఏడేళ్ళ పిల్లలు ఇనుప మంచాల మీద ముడుచుకుని పడుకున్నారు. రాత్రంతా తగ్గించి ఉంచిన బాయిలర్‌ని తెల్లవారుజామున పెంచుతారు. అది నాకు తెలుసు కాబట్టి ఏం జరగబోతోందో కొంత ఊహించాను. జరిగింది. అడుగున ఎక్కడో 'ఠాంగ్' మని ఒక దెబ్బ. నేను విన్నాను. కానీ దానికంటే ముందు నా తొడలకి, నడుముకి తగిలింది. చెక్క నేల ఆ దెబ్బని గది నలుమూలలకీ మోసుకెళ్ళింది.

దగ్గర్లో ఉన్న మంచం మీద ఒక పాప లేచి కూర్చుంది. తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. మసక వెలుతురులో గోడ వారగా ఉన్న మమ్మల్ని గమనించలేదు. మళ్ళీ పడుకుంది. రెండో దెబ్బ పడింది. ఈసారి మంచం దిగి, వట్టి కాళ్ళతో వెళ్ళి తలుపు తీసి, నడవాలో అటూ ఇటూ చూసింది. కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత తలుపు మెల్లగా మూసి వచ్చి దుప్పటి కప్పుకుంది.

డోరీన్ చేతులు కదిపింది. దుబాసీ గొంతు తగ్గించి చెప్పింది.

"మా దగ్గర ఒకరినొకరు పిలవాలంటే నేలని కాలితో తడతాం. ఆ అదురు తగిలి వాళ్ళు తిరిగి చూస్తారు. మీరు పేరు పెట్టి పిలిచినట్టే అది. ఈ భవనం రోజూ పొద్దున్నే ఈ పిల్లల్ని పిలుస్తుంది. లేచి చూస్తే ఎవరూ ఉండరు."

"ఆ పాప?" అన్నాను.

"మేగన్. ఈ ఏడే చేరింది. వాళ్ళమ్మ వచ్చిందనుకుంటుంది."

ఆ గదిలో ఇంకా చాలామంది పిల్లలు కదలకుండా నిద్రపోతున్నారు. వాళ్ళకి ఇబ్బంది లేదన్నమాట అనుకున్నాను. డోరీన్ నా చూపు ఎటు వెళ్ళిందో కనిపెట్టింది.

"వాళ్ళు పాతవాళ్ళు. అలవాటు పడిపోయారు. నాకు ఎక్కువ బాధ వాళ్ళ గురించే. నేల కదిలితే పట్టించుకోకూడదని నేర్చుకున్నారు. ఇప్పుడు నేను పిలిచినా చూడరు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి భుజం తట్టాలి. ఏదైనా ప్రమాదం వచ్చి తొందరగా పిలవాల్సి వస్తే?"

నా పక్కన వాల్ట్ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులూ నేలకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నారు. మూడో దెబ్బ పడినప్పుడు ఆయన ముఖం చిట్లింది. ఎవరో తననే కొట్టినట్టు.

కిటికీ వైపు వీపు

తర్వాత డోరీన్ గదిలో కూర్చున్నాం. ఎప్పటిలాగే వాల్ట్ మర్యాద కూడా చూడకుండా ముందుగా వెళ్ళి, కిటికీకి వీపు పెట్టి ఉన్న కుర్చీ తీసుకున్నారు. పైపుల గురించి కాసేపు మాట్లాడుకున్నాం. వాల్ట్ కొలతలు తీసుకోవడానికి నేలమాళిగకి వెళ్ళాక డోరీన్ నన్ను ఆగమంది.

"మీ బాస్‌కి ఎన్నాళ్ళుగా వినపడటం లేదు?"

దుబాసీ తప్పుగా చెప్పిందేమో అనుకున్నాను. "ఆయనకు వినపడుతుంది. కాస్త మూడీ మనిషి, అంతే."

డోరీన్ నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు.

"ఆయన కుర్చీ ఎలా ఎంచుకున్నారో చూశారా? వెలుతురు తన వెనకనుంచి వచ్చి మన ముఖాల మీద పడాలి. అప్పుడే పెదవులు కనిపిస్తాయి. వినపడేవాళ్ళకి ఆ అవసరం ఉండదు. మేమే అలా కూర్చుంటాం. ఆయన చాలా బాగా చేస్తున్నారు. చాలా అలసిపోయి కూడా ఉన్నారు."

వెనకనుంచి పిలిస్తే తిరగని తల. ఎత్తని ఫోన్. కారులో మౌనం. రోడ్డు మీద కళ్ళు పెట్టి నడిపే మనిషి పక్కవాళ్ళ పెదవులు ఎలా చూస్తాడు? ఇన్నేళ్ళూ ఆయన పక్కనే పనిచేసి, ఆయనకు నేనంటే చిన్నచూపేమో అని ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకున్న రోజులు గుర్తొచ్చాయి.

తిరుగు దారిలో "కాఫీ తాగుదాం" అని బండి ఆపించాను. చేత్తో కాఫీ తాగుతున్నట్టు చూపించాను. దారి పక్కన చిన్న డైనర్. ఆయన కిటికీకి వీపు పెట్టి కూర్చునేదాకా ఆగి, ఎదురుగా కూర్చున్నాను.

"డోరీన్ మిమ్మల్ని కనిపెట్టేసింది" అన్నాను.

ఆయన చెంచా తీసుకుని కాఫీ కలిపారు. అందులో చక్కెర కూడా వేసుకోలేదు.

"రూత్‌కి తప్ప ఎవరికీ తెలీదు" అన్నారు. రూత్ ఆయన భార్య. "బాయిలర్ గదుల్లో బతికాను కదా. మెల్లమెల్లగా పోయింది. స్టీమ్ ట్రాప్ పనిచేస్తోందో లేదో స్క్రూడ్రైవర్ చెవికి ఆనించుకుని చెప్పేవాణ్ణి నేను. ఇప్పుడు చేత్తో తడిమి చెబుతున్నాను. చెవులు లేని స్టీమ్ మనిషిని సైట్‌కి ఎవరు పంపుతారు? ఇంట్లో కూర్చోబెడతారు."

"నాతో చెప్పొచ్చు కదా?"

"నువ్వు మాట్లాడేటప్పుడు నోరు బాగా కదుపుతావు" అన్నారు. "ఆఫీసు మొత్తంలో నీ మాటే నాకు సులువుగా తెలుస్తుంది. చెబితే జాలితో మెల్లగా మాట్లాడటం మొదలుపెడతావని భయం."

నేను అమెరికన్లకు అర్థం కావాలని ఒక్కో అక్షరం ఒత్తి పలికేదాన్ని. అది నా లోపమనుకుని సిగ్గుపడేదాన్ని. ఆ మాట విని ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, పేపర్ చదువుకుంటున్న మా ఆయన వెనక నిలబడి నేల మీద గట్టిగా ఒక తన్ను తన్నాను. ఆయన ఉలిక్కిపడి తిరిగి, "ఏమిటే, బొద్దింకా?" అన్నారు. జరిగిందంతా చెప్పాను. పేపర్ మడిచి పక్కన పెట్టి విన్నారు.

మీటింగు

పైపు లెక్క మళ్ళీ మొదటినుంచి వేశాను. పాత భవనానికి ఎంత వేడి కావాలి, కొత్త భాగానికి ఎంత, దానికి ఎంత ఆవిరి, అది నిద్రపోయేవాళ్ళ గదుల కింద ఏ వేగంతో వెళ్ళాలి. నేలమాళిగలో వంగి నడుస్తూ పైపు వాలు కొలిచాను. రెండుచోట్ల పైపు కుంగి, అక్కడ నీరు నిలబడుతోంది. ఆవిరి ఎత్తి కొడుతున్నది ఆ నీటినే. కాబట్టి వాలు సరిచేయాలి, దానితో పాటు పైపు లావు కూడా పెంచాలి. ఒకటి చేసి ఒకటి వదిలేస్తే లాభం లేదు. లావు పైపు అంటే గోడల్లో పెద్ద కన్నాలు, పైపుని వేలాడదీసే కొత్త ఊచలు, ఎక్కువ ఖర్చు.

గ్రెగ్ నా లెక్కలు తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. మీటింగులో మా కంపెనీ యజమానులు కూడా ఉన్నారు.

"మీరు వెళ్ళొచ్చినందుకు సంతోషం. కానీ ఒక్కటి చెప్పండి. వినపడని వాళ్ళకి చప్పుడు ఎలా ఇబ్బంది అవుతుంది? దీన్ని నేను బడి ట్రస్టీలకి ఎలా వివరించను?"

మేగన్ గురించి చెప్పాను. గొంతు వణికింది. అది నాకే నచ్చలేదు. నా గొంతు వణికితే నా లెక్క కూడా వణికినట్టు చూస్తారని తెలుసు.

గ్రెగ్ మర్యాదగా విని వాల్ట్ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి వాల్ట్. మీకున్న అనుభవం మాకెవరికీ లేదు. ఆ చప్పుడు అంత దారుణంగా వినపడిందా?"

వాల్ట్ 'అవును' అంటే అయిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆయన నా వైపు చూశారు, గ్రెగ్ వైపు చూశారు.

"నాకేమీ వినపడలేదు" అన్నారు. "నాకు వినపడక చాలా ఏళ్ళయింది. మీ అందరి పెదవులూ చూసి నెట్టుకొస్తున్నాను. ఆ పొద్దున ఆ నేల మీద ఉన్నవాళ్ళలో పైపు చప్పుడు చెవులతో విన్నది ఈమె, ఆ దుబాసీ. నాకు మోకాళ్ళలోంచి తెలిసింది. గ్రెగ్, అది సుత్తి దెబ్బ. ఆ పిల్లలు దాని మీదే పడుకుంటున్నారు. నన్నెవరైనా రోజూ అలా లేపితే నేను ఈపాటికి పిచ్చివాణ్ణి అయ్యేవాణ్ణి."

గ్రెగ్ ముఖం ఎర్రబడింది. అతను లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, వాల్ట్‌కి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. పెదవులు కనిపించేలా.

"పెద్ద పైపు వేద్దాం. ముందు హాల్లో అందానికి కడదామనుకున్న రాతి గోడని ఖర్చులోంచి తీసేస్తాను. అది లేకపోతే ఎవరికీ ఏమీ కాదు" అన్నాడు.

చిన్నవాళ్ళయిన మీకు ఇది చెప్పాలి. నా లెక్క సరైనదే. కానీ లెక్క సరైనంత మాత్రాన ఎవరూ ఒప్పుకోరు. ఎవరో ఒకరు తమకు ప్రియమైనది ఏదో బల్ల మీద పెట్టాల్సి వస్తుంది. ఆ రోజు పెట్టింది నేను కాదు.

దాని ఖరీదు

వాల్ట్ భయపడ్డట్టే జరిగింది. ఎవరూ దురుసుగా ఏమీ అనలేదు. భద్రత అన్నారు, ఇన్సూరెన్స్ అన్నారు. బాయిలర్ గదుల్లోకి, పరంజాల మీదికి ఆయన్ని పంపడం మానేశారు. ఆఫీసులో బల్ల దగ్గర డ్రాయింగులు దిద్దే పని ఇచ్చారు. సైట్‌లో తప్ప బతకలేని మనిషి. ఆ బడి పని పూర్తయ్యేదాకా ఉండి, తర్వాత రిటైర్ అయిపోయారు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఆయన చేతులు చాలామంది చెవులకంటే బాగా పనిచేసేవి. అది నిరూపించుకునే అవకాశం ఆయనకి ఇచ్చి ఉండాల్సింది. నేను వెళ్ళి అడిగాను కూడా. అడిగినందుకు మెచ్చుకుని, జరిగేది జరిపించారు.

ఆ బడి ఒక్కదానికి మాత్రం ఆయన్ని నాతో పంపమని పట్టుబట్టాను. పంపారు. వేసవి సెలవుల్లో పిల్లలు ఇళ్ళకి వెళ్ళినప్పుడు పాత పైపులు తీసి కొత్తవి వేశారు. వాల్ట్ ప్రతి అడుగు వాలు చూశారు. పైపు వేలాడే ప్రతి ఊచనీ చేత్తో పట్టుకుని ఊపి చూశారు.

ఆ ఏడాది చలి తొందరగా వచ్చింది. మొదటి గట్టి చలి పడిన తెల్లవారుజామున మళ్ళీ వెళ్ళాం. ఈసారి గ్రెగ్ కూడా వచ్చాడు. చెప్పకుండానే బూట్లు విప్పి నేల మీద కూర్చున్నాడు. కింద బాయిలర్ వేగం అందుకుంది. కిటికీ కింద రేడియేటర్లు ఒక్కొక్కటే వేడెక్కాయి. సన్నగా 'స్స్' మంటూ గాలి వదిలాయి. ఆ శబ్దం గ్రెగ్‌కి, దుబాసీకి, నాకు తప్ప ఎవరికీ అందలేదు. నేల కదల్లేదు. మేగన్ మంచం మారింది, ఇప్పుడు కిటికీ పక్కన. ఒక కాలు దుప్పటి బయట పడేసి నిద్రపోతోంది.

వాల్ట్ అరచేతులు నేల మీదనుంచి తీయకుండా నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. ఏమీ లేదని నేను తల ఊపాను. ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు, ఇంకా నమ్మకం కుదరనట్టు.

పిల్లలు లేవాల్సిన వేళకి డోరీన్ లైట్లు వేసి, గది మధ్యకి వెళ్ళి కాలితో నేలని తట్టింది. కొత్తగా చేరినవాళ్ళు లేచారు. పాతవాళ్ళు లేవలేదు. ఆమె మళ్ళీ తట్టింది. పాతవాళ్ళలో ఒక పిల్లవాడు తల తిప్పి ఆమెను చూశాడు. "వాళ్ళకి కొంతకాలం పడుతుంది" అంది డోరీన్. "పిలిస్తే నిజంగా మనిషి ఉంటారని మళ్ళీ నమ్మాలి కదా." క్రిస్మస్ సెలవులకి ముందు ఆమె నుంచి రెండే ముక్కల సందేశం వచ్చింది. 'అందరూ చూస్తున్నారు.'

పేరు

ఆ తర్వాత చాలా భవనాలకు పని చేశాను. అన్నిటిలోనూ ముందు బూట్లు విప్పి నేల మీద కూర్చోవడం అలవాటైంది. నన్ను చూసి నవ్వినవాళ్ళున్నారు. కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. పోయిన సంవత్సరం రిటైర్ అయ్యాను, ఆ తర్వాతే టెక్సస్ వచ్చేశాం. ఆఫీసులో చిన్న పార్టీ పెట్టారు. కేకు, పూలు, ప్రసంగాలు. సుభద్ర అన్న నా పేరుని ఒక్కొక్కరు ఒక్కో రకంగా విరిచారు. అలవాటే కాబట్టి నవ్వుతూ విన్నాను.

వాల్ట్, రూత్ కూడా వచ్చారు. రిటైర్ అయ్యాక ఇద్దరూ ఆ బడిలోనే డోరీన్ నడిపే సాయంత్రం తరగతుల్లో సైగల భాష నేర్చుకున్నారు. గోలగా ఉన్న ఆ గదిలో, అందరూ ఒకరి మీదొకరు అరుస్తుంటే, వాళ్ళిద్దరే గోడ వారగా హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. రూత్ ఏదో అంటే వాల్ట్ పడిపడి నవ్వుతున్నారు. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. వాల్ట్ నా ముఖంలోకి చూసి, "నీకో సంగతి చెప్పాలి. ముందే చెప్పాల్సింది" అన్నారు.

"ఏమిటి?"

"వాళ్ళ భాషలో ప్రతి మనిషికీ సైగతో ఒక పేరు ఉంటుంది. అది ఎవరికి వాళ్ళు పెట్టుకోకూడదు. వినపడని వాళ్ళే పెట్టాలి. అడిగితే ఇచ్చేవి కావు. నాకు పెట్టడానికి చాలా కాలం పట్టింది. నీకు మాత్రం ఆ చలికాలమే పెట్టేశారట, ఆ గదిలో పిల్లలు. పొద్దున్నే రేడియేటర్ వేడెక్కినప్పుడల్లా నీ గురించి అనుకునేవారట. ఇప్పటికీ కొత్త పిల్లలు వాడుతున్నారు, నువ్వెవరో తెలియకుండానే."

"చూపించండి."

ఆయన పిడికిలి బిగించారు. సైగల్లో అది ఇంగ్లీషు 'S', నా పేరులోని మొదటి అక్షరం అన్నారు. పిడికిలిని గడ్డం దగ్గర, నోటికి ఎదురుగా పెట్టారు. అక్కడినుంచి కొద్దిగా పైకి లేపుతూ వేళ్ళని ఒక్కొక్కటిగా మెల్లగా తెరిచారు, ఊపిరి బయటికి వస్తున్నట్టు.

"అంటే?"

"వెచ్చన" అన్నారు వాల్ట్.

నేను కేకు ప్లేటు పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఆయన చూపించినట్టే పిడికిలి గడ్డం దగ్గర పెట్టుకున్నాను. రూత్ నా బొటనవేలిని కాస్త సర్దింది. మెల్లగా తెరిచాను. నా ఊపిరే నా వేళ్ళకి తగిలింది.